జకాత్ రేకులు

మా అత్తమ్మకి రంజాన్ నెలలో కోపం ఎక్కువ. ఆకలి వల్లేమో అనుకుంటారు తెలియనివాళ్లు. ఒక్కపొద్దు ఆవిడకి ఒక లెక్క కాదు. మండే ఎండల్లో వచ్చిన రంజాన్‌లో కూడా నాలుక తడుపుకోకుండా పరుపులు కుట్టిన మనిషి. ఆవిడ కోపమంతా, ఇచ్చెయ్యాల్సింది ఇంకా ఇంట్లోనే ఉండిపోయిందని.

మాది అరకులో పరుపుల దుకాణం. దూది ఏకడం, పరుపులు, బొంతలు, తలగడలు కుట్టడం తాతలనాటి పని. నేను సాలూరులో పుట్టి, పెళ్లయ్యాక కొండెక్కినదాన్ని. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ తెలుగే. నమాజుకి అరబ్బీ, పెళ్లిపత్రికకి ఉర్దూ, కోపానికి తెలుగు అంటారు మా ఆయన. కొండమీద మావాళ్లు తక్కువ. మసీదు ఒకటుంది, చిన్నది. శుక్రవారం నమాజు వేళకి టూరిస్టు బస్సొకటి వచ్చి ఆగిందంటే లోపల నిలబడడానికి చోటుండదు.

జకాత్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. మన అవసరాలన్నీ తీరి, ఏడాదిపాటు మన దగ్గర మిగిలి ఉన్నదాంట్లో నలభయ్యో వంతు పేదవాళ్లకి చెందుతుంది. ఏ నెలలో ఇచ్చినా చెల్లుతుంది గాని, రంజాన్‌లో చేసిన మంచికి ఫలం ఎన్నో రెట్లని మావాళ్లు చాలామంది ఈ నెలలోనే తీస్తారు. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు, పాపం ఎంత దయో అనుకుంటూ, జకాత్ డబ్బు లెక్కపెడుతున్న అత్తమ్మ వైపు చూశాను. ఆవిడకి ఆ చూపు నచ్చలేదు.

"ఏటలగ సూత్తన్నావు? అది మనది కాదే గుంటా. ఆళ్లది. మన బీరువాలో పడుంది, అంతే. ఆళ్లది ఆళ్లకిచ్చినందుకు మనకి పేరేటి?" అంది.

పేరు రాకుండా ఇవ్వడంలో ఆవిడ ఆరితేరింది. ఎవరికి ఇచ్చిందో మా మామయ్యకి కూడా తెలిసేది కాదట. కాళ్లనొప్పులు మొదలయ్యాక మోసుకెళ్లే పని నాకు అప్పజెప్పింది, అదీ ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుని.

శుక్రవారం సంతలో ఇచ్చేది వేరు. దానికి దాపరికం లేదు. పై పల్లెల నుంచి ఆడవాళ్లు బూరుగుదూది మూటలు తెచ్చి మాకు అమ్ముతారు. రంజాన్ శుక్రవారాల్లో అత్తమ్మ దూది డబ్బులతో పాటు తలా ఒక ఖర్జూరాల పొట్లం, కొంచెం బియ్యం పెడుతుంది. వాళ్లు ఉత్తచేతులతో తీసుకోరు. బుట్టలోంచి ఒక అల్లం కొమ్మో, గుప్పెడు రాజ్‌మా గింజలో అత్తమ్మ చేతిలో పెడితేగాని కదలరు. తనిచ్చింది జకాత్ కాదు, ఇష్టం కొద్దీ పెట్టింది కాబట్టి అత్తమ్మ నవ్వుతూ కొంగున కట్టుకుంటుంది. ఆ నెలంతా మేము అల్లం కొనే పనుండదు.

అసలు చిక్కు పూరీలావిడతో వచ్చింది.

పూరీలావిడ మా వెనక సందులో ఉంటుంది. మావాళ్లే. ఆవిడ భర్త ఘాట్ రోడ్డులో జీపు నడిపేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. ఇంటర్ చదివే కూతురు ఉంది. పొద్దున్నే బస్టాండు దగ్గర పూరీలు, బంగాళాదుంప కూర అమ్ముతుంది. రంజాన్‌లో ఒక్కపొద్దు ఉంటూనే అమ్ముతుంది. ఆ నూనె వాసనలో నిలబడి, ఉప్పు నోటితో చూడకుండా కూర చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒక్కరోజూ ఉప్పు తప్పలేదు.

మొన్నటి రంజాన్‌కి ముందు, తుపాను గాలికి ఆవిడ ఇంటిమీది రేకులు లేచిపోయాయి. ఒకటి మా గోడకి కొట్టుకుని వంగిపోయింది, మిగతావి లోయలోకి ఎగిరాయి. పైన ప్లాస్టిక్ బరకం కప్పి, ఎగరకుండా రాళ్లు పెట్టుకుంది. చలికాలం ఎలాగో గడిచింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గాని, మా కొండమీద అది ఇంకొన్నాళ్లు కూచుంటుంది. అది పోయేలోపే వేసవి వాన వస్తుంది, ఒక్కోసారి వడగళ్లతో. ఆ వాన కోసం కాఫీ తోటలున్న రైతులంతా ఆకాశం వైపు చూస్తారు, అది పడితేనే కాఫీ పూస్తుంది. ఊరంతా రావాలని మొక్కుకునే వాన, ఈ ఒక్క ఇంటికి రాకూడదు. వడగళ్ల ముందు బరకం ఏపాటి?

"ఈయేడు జకాత్ ఆ ఇంటికే. వాన పడీలోగా రేకులెక్కాలి," అని అత్తమ్మ నెల మొదట్లోనే తేల్చేసింది.

నేను ఆ జకాత్‌లో కొంత పెట్టిన కవరు పట్టుకుని బస్టాండుకి వెళ్లాను. జకాత్ అని చెప్పక్కర్లేదు, ఇచ్చేవాళ్ల మనసులో ఉంటే చాలు. "అత్తమ్మ ఇమ్మంది వదినా, ఉంచండి," అన్నాను. పూరీలావిడ నా మొహం వైపు, కవరు వైపు చూసి, జాకెట్‌లో పెట్టుకుంది. ఇంత తేలిగ్గా అయిపోయిందే అని నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు బండి కట్టేశాక ఆవిడ నేరుగా మా దుకాణానికి వచ్చింది. చెప్పులు విడిచి, దూది రాశి పక్కన కూచుని, దబ్బనం అడిగి తీసుకుని బొంత కుట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళ దాకా తల ఎత్తలేదు. తర్వాతి రోజు మళ్లీ వచ్చింది. మూడోరోజు అత్తమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏటమ్మా ఇది?"

"అడ్వాన్సిచ్చేరు కదా పెద్దమ్మా. పని సెయ్యకుండా ఎలగ?"

అత్తమ్మ మొహం చూడాలి. ఇక్కడ మా మతంలో ఒక మెలిక ఉంది. కూలికి బదులుగా జకాత్ ఇవ్వడం కుదరదు. కూలి కూలే, జకాత్ జకాతే. పైగా పనిచేసినవాళ్ల చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యాలి. కాబట్టి అత్తమ్మ కూలి వేరే తీసి చేతిలో పెట్టింది. పూరీలావిడ అదేమీ అర్థం కానట్టు, "ఇదెందుకు? ముందే ఇచ్చేరు కదా," అంటూ తిరిగి గల్లాపెట్టె మీద పెట్టేసింది. ఇద్దరూ ఆ కూలి డబ్బుని దుకాణంలో అటూ ఇటూ తోసుకున్నారు. బేరానికి వచ్చిన హోమ్‌స్టే ఆయన, ఇక్కడ డబ్బు తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోరనుకున్నాడో ఏమో, తన పరుపుకి సగం ధర తగ్గించమని అడిగాడు. అత్తమ్మ కోపమంతా ఆయన మీద పడింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

ఆ సాయంత్రమే అత్తమ్మ మా ఇమామ్ సాబుని పిలిపించింది. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాడు. రెండేళ్లుగా మా ఇళ్లల్లో భోంచేస్తూ తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి, అతనికి వచ్చిందంతా మా ఆడవాళ్ల తెలుగే. విషయం విని, గడ్డం సవరించుకుని చెప్పాడు.

"మీరు ఇచ్చినప్పుడు మీ మనసులో జకాతే ఉంది కదా పెద్దమ్మా. అయితే మీది అయిపోయినాదండి. ఆవిడ ఏటనుకున్నా మీకు పర్లేదు. కుట్టినదానికి కూలి మాత్రం ఆవిడకి ముట్టాలి."

"నాది అయిపోతే సరా? ఆ ఇంటిమీద రేకెక్కిందేటి? నానిచ్చింది ఆవిడ డబ్బాలో పెట్టి కూకుంది, పనితో తీరిందాక ముట్టుకోదట. రేపు వాన పడితే దేవుడికి నానేటి సెప్పాల? నాది అయిపోయింది సామీ, ఆవిడ తడిసిపోయింది అనా?"

ఇమామ్ సాబు ఖర్జూరం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆవిడ ఎందుకలా చేస్తోందో నాకు లీలగా తెలుసు. భర్త పోయిన కొత్తలో కింద ఊళ్లో ఉన్న చుట్టాలు కొంత సాయం చేశారు. ఆ తర్వాత ఏ పెళ్లింట్లో కూచున్నా ఆ మాటే చెప్పారు. ఈవిడ కొత్త చీర కట్టుకుంటే, మేమిచ్చిందేనా అని నలుగురిలో అడిగారు. అప్పట్నుంచి ఊరికే వచ్చింది ఏదైనా ఆవిడకి గొంతులో ముల్లే. నాకు ఆవిడ మీద జాలి వేసేది, అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండేది. ఇంత మొండితనమా అని. మా అత్తమ్మని మించిన మొండివాళ్లు ఈ కొండమీద లేరనుకునేదాన్ని. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడు.

ఇక నేను రంగంలోకి దిగాను. గవర్నమెంటు స్కీములో వచ్చాయని చెప్పి రేకులు పంపేద్దాం అన్నాను. ఒక్కపొద్దు నోటితో అబద్ధమా అని అత్తమ్మ కసిరింది. సరే, అబద్ధం వద్దు, అసలు ఏమీ చెప్పొద్దు అన్నాను. దానికి ఒప్పుకుంది. జకాత్‌లో మిగిలిన భాగంతో మా ఆయన రేకులు కొన్నారు. పూరీలావిడ బస్టాండులో, కూతురు కాలేజీలో ఉన్న సమయం చూసి, మినీవ్యానులో తెప్పించి వాళ్ల గుమ్మం పక్కన గోడకి ఆనించి వచ్చేశాం. దొంగతనం చేసినంత భయంగానూ, అంత సరదాగానూ ఉంది. అత్తమ్మ ఆరోజు సాయంత్రం ఒక్కపొద్దు విడుస్తూ గంజి రెండు గిన్నెలు తాగింది.

మేము లెక్కలోకి తీసుకోనిదల్లా ఆవిడ నిజాయితీ. తనది కాని సొత్తు గుమ్మంలో కనిపించేసరికి ఆవిడ హడలిపోయింది. ఎవరివో దారితప్పి వచ్చాయనుకుని సందులో ఇంటింటికీ తిరిగి అడిగింది. మా ఇంటికీ వచ్చి అడిగింది. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. నమాజు వేళైందంటూ లోపలికి వెళ్లిపోయింది. నేను కుక్కిన పేనులా ఊరుకున్నాను. మర్నాడు ఆవిడ ఆటో మాట్లాడుకుని, సొంత డబ్బులిచ్చి, ఆ రేకులన్నీ మసీదుకి చేర్చింది. సాయంత్రం నమాజయ్యాక మైకులో ఇమామ్ సాబు గొంతు కొండలన్నీ మోగేలా వినిపించింది.

"రేకులు దొరికినాయండి. కొత్త రేకులు. ఎవులివో వచ్చి బేగి పట్టుకెళ్లండి. గుర్తు సెప్పి పట్టుకెళ్లండి."

ఇమామ్ సాబు పని ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. అవి ఎవరు పంపారో అతను ఇట్టే పోల్చుకున్నాడు, చెప్పకూడదు. చాటాలని ఆవిడ పట్టుబట్టింది, కాదనకూడదు. మైకు వినగానే మా ఆయన నవ్వాపుకోలేక దూది రాశిలో పడ్డారు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. రేకులు మసీదు వరండాలో ఉన్నాయి, ఇల్లేమో బరకం కింద ఉంది, పడమటి కొండమీద మబ్బు పట్టింది.

ఆ వాన ఓ మధ్యాహ్నం వచ్చింది. మొదట గాలి, తర్వాత రోడ్డుమీద టపటపమంటూ పెద్ద చినుకులు, ఆ వెనకే శనగగింజలంత వడగళ్లు. రోడ్డవతల కాఫీ రైతులు టీకొట్టు కింద నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకుంటున్నారు. అత్తమ్మ నా వైపు చూసి గొడుగు అడిగింది. జకాత్ ఇవ్వడానికి ఆవిడ ఎప్పుడూ పట్టపగలు ఎవరింటికీ వెళ్లింది లేదు. నేను చెయ్యి పట్టుకుని నడిపించాను. సందు దాటేసరికి ఇద్దరం మోకాళ్ల దాకా తడిసిపోయాం.

పూరీలావిడ ఇంట్లో బరకం ఒకవైపు చిరిగి వేలాడుతోంది. మంచం మీద పుస్తకాలు పెట్టి, వాటిమీద పూరీల పళ్లెం బోర్లించి, దానిమీద తను వంగి నిలబడింది. వీపంతా తడిసింది. కూతురు దుప్పట్లు చంకనెట్టుకుని మూల నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే పూరీలావిడ కూచోమనబోయి, ఎక్కడ కూచోమనాలో తెలియక ఆగిపోయింది. ఆవిణ్ణి అలా చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి గొడుగు మూసింది.

"మసీదులో ఉన్న రేకులు నానే పంపేను," అంది. "నావి కావు, నీవి. ఏడాదిబట్టి నా బీరువాలో ఉన్నాయి."

"పెద్దమ్మా, ఊరికే..."

"ఊరికే అనకు. నాను నీకు పెట్టడానికి రాలేదమ్మా. నా బరువు దింపుకోడానికొచ్చేను. నీ సొమ్ము నా ఇంట్లో ఉంచుకుంటే నన్నేటంటారు? దొంగంటారు. నువ్వు తీసుకుంటేనే నా ఒక్కపొద్దు ఒక్కపొద్దవుతాది. లేపోతే ఉత్త ఆకలే. నానేటి తప్పు సేసేనని నన్ను ఆకలితో మాడుత్తన్నావు?"

వడగళ్లు పళ్లెంమీద టంగుటంగుమంటున్నాయి. పూరీలావిడ తల దించుకునే అడిగింది.

"రేపు పెళ్లింట్లో సెప్పరు కదా?"

అన్నాళ్ల మొండితనం వెనకున్నది ఆ ఒక్క ప్రశ్నే. అత్తమ్మ దగ్గరికి వెళ్లి, తడిసిన ఆ వీపుమీద చెయ్యి వేసింది.

"సెప్తే నా రంజానంతా నిప్పుల్లో పోసుకున్నట్టే. నీ మీదొట్టు."

ఆ ఒట్టు అత్తమ్మది. మోసుకెళ్లే పని అప్పజెప్పిన నాడు నాచేత వేయించిన ఒట్టు వేరే ఉంది. అందుకే ఇది రాసే ముందు పూరీలావిడ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆవిడ పూరీ తిప్పుతూ, పేర్లు లేకుండా రాసుకోమంది. నా పేరుంటే ఊరందరికీ మిగతా పేర్లు తెలిసిపోతాయి కాబట్టి, నాదీ తీసేశాను.

వాన వెలిశాక మా ఆయనా, పక్క పల్లె నుంచి బూరుగుదూది తెచ్చే ఇద్దరు అన్నదమ్ములూ కలిసి రేకులు మోసుకొచ్చారు. మర్నాటికి పైకప్పు వేశారు. మా ఆయన రేకులు బిగించడం పరుపులు కుట్టినట్టే ఉంటుంది, అవసరానికి మించి మేకులు. ఆ అన్నదమ్ములు కాసేపు చూసి, ఆయన్ని కిందికి దిగమని మర్యాదగా చెప్పారు. పూరీలావిడ కింద నిలబడి ఒక్కో రేకు పైకి అందించింది. ఎవరికీ ఏమీ ఇవ్వబోలేదు. అయినా అత్తమ్మకి నమ్మకం కుదరలేదు.

"రేపో ఎల్లుండో మళ్లీ దబ్బనం కోసం వస్తాది సూడు," అంది.

రాలేదు. ఆ వారం ఎదురుచూపుతోనే గడిచింది. దుకాణం ముందు ఎవరి నీడ పడినా అత్తమ్మ ఉలిక్కిపడేది. వస్తే, ఇచ్చింది ఆవిడకి చేరనట్టే. ఈలోగా కొండవాలంతా కాఫీ పూసింది. తెల్లగా, మల్లెల్లాంటి వాసనతో. ఆ వాసన దుకాణంలోకి వచ్చి దూదికి కూడా పట్టింది.

పండగ వచ్చింది. నమాజుకి ముందే పేదవాళ్లకి ఫిత్రా ధాన్యం పంచేశాం. షీర్‌ఖుర్మా గిన్నెలు సందంతా తిరిగాయి. మధ్యాహ్నం ఇంటినిండా జనం. ఇమామ్ సాబు మూడో గిన్నె వద్దంటూనే తీసుకుంటున్నాడు. అప్పుడు పూరీలావిడ గుమ్మంలోకి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన పాత చీర, చేతులు ఖాళీ. సలాం చెప్పి, అత్తమ్మ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. డబ్బు వాపసు తెచ్చిందేమోనని వెనకే వెళ్లాను.

మంచం మీద అత్తమ్మ పక్కన కూచుని, కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, ఆవిడ మెల్లిగా మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఇల్లు బావుంది. రేకులేసేక పడిన వానకి లోపల సుక్క పడలేదు. కానీ వంటసాల మీదకి రేకులు సాల్లేదు. పొయ్యి తడిసిపోతంది. ఇంకో రెండుంటే సరిపోతాది." ఒక్క క్షణం ఆగి నవ్వింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా."

అత్తమ్మ ఆవిణ్ణి దగ్గరికి లాక్కుని, పండగ చీర నలిగిపోయేలా పట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని నా మీద అరిచింది.

"అలగ సూత్తావేటే? బేగెల్లి నీ మొగుణ్ణి పిలు. రేకుల కొట్టు తీసుందేమో కనుక్కోమను."

పండగపూట ఏ కొట్టూ తియ్యరని తెలిసీ నేను పరిగెత్తాను.